పదో నంబరు ప్రమాద హెచ్చరిక

మా మామగారిది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఆయన మేడమీది నీళ్ల ట్యాంకు ఎగిరి పక్కింటి మామిడిచెట్టెక్కింది. అప్పట్నుంచీ గాలివానల విషయంలో మా ఇంట్లో ఆయన మాటకు తిరుగులేదు.

2024 ఫిబ్రవరి ఆఖర్లో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండలకు మంచు తుఫాను హెచ్చరిక చేశారు. ట్రక్కీలో మేం తీసుకున్న అద్దింటి డబ్బులేమో వెనక్కి రావు. తుఫానుకు జడిసే తెలుగువాళ్లను చూశాను గానీ కట్టిన డబ్బు వదులుకున్నవాణ్ణి చూళ్లేదు. మా దగ్గరికి వచ్చిన అత్తమామలతో కలిసి గురువారమే కొండెక్కేశాం.

"అల్లుడుగారూ, ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారు?" అన్నారు మామయ్యగారు దారిలో. ఇక్కడ టైర్లకు గొలుసులు కట్టే నిబంధనలే ఉంటాయనీ, ఆర్-1 నుంచి ఆర్-3 దాకా అనీ, మూడోది పెడితే ఏ బండికీ మినహాయింపు లేదనీ, అసలు అంతదాకా రాకముందే చాలాసార్లు రోడ్డు మూసేస్తారనీ చెప్పాను.

"మూడేనా!" అన్నారు జాలిగా. "మా పోర్టులో పది."

ఇల్లు చేరగానే బక్కెట్లన్నీ నింపించారు. బయట అంత మంచు పడబోతుంటే నీళ్లెందుకని అత్తయ్యగారు నవ్వారు. రాత్రికి కరెంటు పోయింది. ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

"కన్ను ఎప్పుడొస్తుందండీ?" అన్నారు కొవ్వొత్తి వెలుగులో. దీనికి కన్ను లేదు మామయ్యగారూ, అలాస్కా వైపు నుంచి వచ్చే చల్లగాలి పసిఫిక్ తేమను మోసుకొచ్చి, కొండలు అడ్డొస్తే పైకి లేచి, అంతా మంచుగా కుమ్మరిస్తుంది అన్నాను. "మధ్యలో కాస్త తెరిపి కూడా ఇవ్వదా? మర్యాద లేని తుఫాను!"

పొద్దున్నే వీధి తలుపు లోపలికి లాగితే ఎదురుగా ఇంకో తలుపు! మంచుగోడ మీద చెక్క పలకలు, వాటి అంచులు, గుండ్రటి పిడి, అన్నీ అచ్చుగుద్దినట్టు దిగాయి. మామయ్యగారు ఆ మంచు పిడిని పట్టుకు తిప్పబోయారు కూడా. ఇక పార ఎత్తితే నడుం ఒప్పుకోలేదు. తడిసి బరువెక్కిన ఈ మంచును ఇక్కడివాళ్లు సియెర్రా సిమెంటు అంటారు, ఊరికే అనలేదు.

ఐ-80 రహదారి మూసేశారు. దగ్గర్లోని పాలిసేడ్స్ టాహో శిఖరం మీద గాలి గంటకు 190 మైళ్లు, అంటే 306 కిలోమీటర్లు కొట్టిందన్నారు. లెక్క విని మామయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత విశాఖలో తమ్ముడికి ఫోన్ చేశారు.

"గాలి మనకన్నా ఎక్కువేరా, ఒప్పుకోవాలి. నంబర్లు వెయ్యడమే చేతకాలేదు వీళ్లకి. మూడు దగ్గరే ఆగిపోయారు."