నైరుతి గుంత, ఈశాన్యం బోరు

హైదరాబాద్‌లో స్థలం కొనేవాడికి ఉన్నన్ని అనుమానాలు సీబీఐకి కూడా ఉండవు. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాడు. లింక్ డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తాడు. చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉందా, బఫర్ జోన్‌లో ఉందా అని నలుగురినీ అడుగుతాడు. అమ్మేవాడి తాతకు రెండో సంసారం ఏమైనా ఉండేదా అని కూడా ఆరా తీస్తాడు. కానీ ఆ స్థలంలో మొన్నటిదాకా పెట్రోలు బంకు ఉండేదని చెప్పండి, మురిసిపోతాడు. ‘మెయిన్ రోడ్ బిట్ అన్నా, రెండు వైపులా రోడ్డు!’

బంకు ఎత్తేసే రోజు చూడాలి. ఏళ్ల తరబడి భూమిలో ఉన్న ఇనుప ట్యాంకును క్రేన్ పైకి లేపుతుంటే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. అడుగున మట్టి నల్లగా, జిడ్డుగా, గుప్పున వాసన కొడుతూ ఉంటుంది. ట్యాంకు తూకానికి పోతుంది. సాయంత్రానికల్లా నాలుగు టిప్పర్ల మొరం పడుతుంది. ‘లెవెల్ అయిపోయింది సార్’ అంటాడు జేసీబీ డ్రైవరు. మన పర్యావరణ నివేదిక అంతే.

నిజానికి గుంత పూడ్చకముందే అడుగు నుంచి, పక్కల నుంచి మట్టి తీసి, గాజు సీసాల్లో బిగించి, ఐసులో పెట్టి ల్యాబుకు పంపాలి. లేకపోతే ముద్దాయి దారిలోనే ఆవిరైపోతాడు. నీటిదాకా దిగిందేమోనని సందేహం ఉంటే కనీసం మూడు పరిశీలన బావులు తవ్వి, నీటిమట్టాలు కొలిచి, ప్రవాహం ఎటు పోతోందో తేల్చాలి. పెట్రోలు నీటి మీద తేలుతుంది గానీ అందులోని బెంజీన్ కరిగి నీటితోపాటే ప్రయాణిస్తుంది. అమెరికాలో ట్యాంకును శాశ్వతంగా మూసేయాలంటే ఈ తనిఖీ తప్పదు. అక్కడ ఇప్పటిదాకా 5 లక్షలకు పైగా లీకులు తేలాయి. పాపం, వాళ్లు వెతికారు.

మన దగ్గర ఆ గుంత సంగతి నోరు తెరిచి అడిగే నిపుణుడు ఒక్కడే, వాస్తు సిద్ధాంతి.

‘నైరుతిలో గొయ్యి ఉండేదా నాయనా?’

‘పూడ్చేశామండీ.’

‘అయితే దోషం లేదు. స్థలం ఈశాన్యానికి వాలుగా ఉంది, శ్రేష్ఠం. బోరు ఆ మూలే వేయించండి.’

భూగర్భజలం కూడా సాధారణంగా నేల వాలునే పట్టుకుని నడుస్తుంది కాబట్టి, నైరుతిలో ఇంకింది శాస్త్రోక్తంగా ఈశాన్యానికి చేరుతుంది.

చేరేది ఏపాటిలే అనుకోవద్దు. మన పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. తాగునీటిలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఈ లెక్కన ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు 80 పైచిలుకు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులకు మార్గదర్శకాలిచ్చింది. బడికి, ఆసుపత్రికి, నివాస ప్రాంతానికి 50 మీటర్ల ఎడం ఉండాలి, గత్యంతరం లేకపోతే అదనపు జాగ్రత్తలతో 30 మీటర్లయినా ఉండాలి. బాగుంది. బంకు ఉన్నంతకాలం ఇల్లు 50 మీటర్ల అవతల. బంకు పోయాక ఇల్లు సరిగ్గా దాని మీదే. గుంత మీద పార్కింగ్, ఆ పైన అయిదంతస్తులు.

2025 జులైలో కలుషిత స్థలాలకూ కేంద్రం నిబంధనలు తెచ్చింది. స్థానిక సంస్థలు గానీ, జిల్లా యంత్రాంగం గానీ అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి. పాడుచేసినవాడే బాగుచేయించాలి. అయితే అనుమానం రావాలంటే గుంత కనబడాలి కదా! దానిమీద అప్పటికే యాంటీ స్కిడ్ టైల్స్ వేసేశారు.

ఏదో ఒక వేసవిలో బోరు నీళ్లు వాసనేస్తాయి. మోటారు గ్రీజంటాడు సెక్రటరీ. కొత్త పైపులు అలాగే ఉంటాయంటాడు ప్లంబరు. మూడో అంతస్తు ఆంటీ బాటిల్లో పట్టుకొచ్చి అందరికీ వాసన చూపిస్తుంది. ఆదివారం అసోసియేషన్ మీటింగులో రెండు తీర్మానాలు ఏకగ్రీవమవుతాయి. ఒకటి, రిపోర్టు వస్తే ఫ్లాట్ల రేటు పడిపోతుంది కనుక నీళ్లను పరీక్షకు పంపకూడదు. రెండు, బోరు దగ్గర ‘పొగతాగరాదు’ బోర్డు పెట్టించాలి.