వెంట్రుకవాసి బావగారు

మా పెద్దబావగారి కుడి ముంజేతి మీద వెంట్రుకలు దట్టంగా ఉంటాయి. ఎడమ చెయ్యి మాత్రం అప్పుడే తిరుపతి వెళ్ళొచ్చినట్టుంటుంది. తెలియనివాళ్ళు చర్మవ్యాధి అనుకుని హోమియో మందులు చెబుతారు. జబ్బు చర్మానిది కాదు. ఆయన మడతకత్తులు కొంటారు, కొన్న ప్రతి కత్తికీ పదును పరీక్ష ఆ చేతిమీదే జరుగుతుంది. సబ్బూ నీళ్ళూ లేకుండా వెంట్రుకలు రాలాలి, లేదంటే కత్తి ఫెయిలు. పంట మళ్ళీ ఎదగకముందే ఇంకో కత్తి వచ్చిపడితే, ప్యాంటు పైకి మడిచి పిక్కని సిద్ధం చేస్తారు.

ఈ జాతి మనుషులు మీ ఇళ్ళల్లోనూ ఉంటారు. కొందరికి వాచీలు, కొందరికి పెన్నులు, కొందరికి స్పీకర్లు. మా బావగారు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు కాబట్టి, పైగా టెక్సస్‌లో కత్తి జేబులో పెట్టుకు తిరిగితే ఎవరూ వింతగా చూడరు కాబట్టి, ఆయనకి ఇది అంటుకుంది. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఆఫీసులో ఎంత బగ్గు దొరికినా "వచ్చే రిలీజులో చూసుకుందాం" అని సంతకం పెట్టేస్తారని మా అక్క అంటుంది. ఆ పెద్దమనసు ఇంటికి రాదు.

ఐదువందల డాలర్ల కత్తి పెట్టె వచ్చిన రోజు ఇంట్లో టీవీ కట్టెయ్యాలి. ముందు, మూసి ఉన్న కత్తిని నిలువుగా పట్టుకుంటారు. వెనకనుంచి ఫోను లైటు వేస్తారు. ఒక కన్ను మూసి, రెండు పిడిరేకుల మధ్య బ్లేడు ఎటు వాలిందో చూస్తారు. "ఏవోయ్, ఇలా రా. ఎటుంది?" అని నన్ను పిలుస్తారు. "మధ్యలోనే ఉంది బావగారూ" అంటే మనకి చూపు లేదని తేలిపోతుంది. "కొంచెం ఎడమకి లాగినట్టుందండీ" అంటే, "చూశావా!" అని మురిసిపోయి అక్కని కాఫీ తెమ్మంటారు. నేను ఎప్పుడూ ఎడమే చెబుతాను. ఎప్పుడూ కాఫీ వస్తుంది.

ఆ తరవాత మెకానిక్కులు ఖాళీలు కొలిచే సన్నటి రేకుల కట్ట బయటికొస్తుంది. ఈ పక్క దూరిన రేకు ఆ పక్క దూరదు. ముఖం వెలిగిపోతుంది. పిమ్మట కత్తి తెరిచి, మొన పట్టుకుని పైకీ కిందకీ, పక్కలకీ ఊపుతారు. చెవి దగ్గర పెట్టుకుని "టిక్కు" వినబడిందా అంటారు. నాకు ఫ్రిజ్జు చప్పుడు తప్ప ఇంకేదీ ఎప్పుడూ వినబడలేదు. ఆఖరున నగలవాళ్ళ భూతద్దం పెట్టి, అంచు రెండు వైపులా సమానంగా సానపట్టారో లేదో చూస్తారు. సమానంగా ఉండదు. ఎంత పెద్ద ఫ్యాక్టరీ అయినా చివరి సాన చాలాచోట్ల మనిషి బెల్టు మీద చేత్తో పట్టేదే. ఆ మనిషి చెయ్యి ఓసారి ఇటు, ఓసారి అటు ఒత్తుతుంది.

వినగా వినగా నాకూ కాస్త ఎక్కింది. ఈ ఖరీదైన కత్తుల్లో చాలావాటికి పిడి టైటానియం. ఆ పిడినే చీల్చి, ఒక పట్టీని స్ప్రింగులాగా వంచి, తెరిచిన బ్లేడు వెనక్కి మడుచుకోకుండా అడ్డం పెడతారు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఐడహోలోని బోయిసీలో స్థిరపడ్డ క్రిస్ రీవ్ ఈ పద్ధతికి ఆద్యుడు. టైటానియం బ్లేడు ఉక్కుకంటే మెత్తన. రెండూ ఒరుసుకునే చోట పట్టేస్తుంది. మూద్దామంటే బొటనవేలు నొప్పెట్టాలి. దీనికి మందు ఏమిటనుకున్నారు? పెన్సిలు ముక్కు. ఆ ఒరిసే చోట పెన్సిలుతో నల్లగా రుద్దితే కొన్నాళ్ళు సజావుగా జారుతుంది. అందుకే మా చిన్న మేనకోడలు బడికి వెళ్ళేముందు రోజూ పెన్సిలు కోసం ఇల్లంతా వెతుకుతుంది. ఐదువందల డాలర్ల ఇంజనీరింగు పావలా పెన్సిలు మీద నడవడం ఆయనకి అవమానం కాదు, ఆనందం.

ఒక్క విషయంలో మాత్రం నేను బావగారి పక్షం. ఆ అడ్డుపట్టీ బ్లేడు కింద సరిగ్గా కూర్చోకపోతే, గట్టిగా ఒత్తినప్పుడు జారిపోవచ్చు. అప్పుడు తెగేది అట్టపెట్టె కాదు, వేళ్ళు. అంత డబ్బు తీసుకుని అది చూడకుండా పంపడం అన్యాయమే. ఆయన చెప్పే ఇంకోటి కూడా నిజం. కాగితం మీద ఉక్కు కాఠిన్యం 61 రాక్‌వెల్ అని గొప్పగా ఉంటుంది, కానీ సానబెల్టు వేడికి అంచు మెత్తబడి ఉండొచ్చు. నాలుగుసార్లు సానపట్టి ఆ పైపొర పోయాకగానీ అసలు ఉక్కు పలకదు. ఉక్కుల చరిత్ర ఆయనకి నాలిక మీదుంటుంది. పెద్దమ్మాయి ఎప్పుడు పుట్టిందని ఎవరైనా అడిగితే, "ఎస్30వి వచ్చింది 2001లో, దానికి రెండేళ్ళకి" అంటారు. 2021లో మాగ్నాకట్ అనే కొత్త ఉక్కు వచ్చినప్పుడు బంధువులందరికీ ఫోన్లు చేశారు. గుడివాడలో మా బాబాయి అది కరోనా టీకా పేరనుకుని, రెండో డోసు ఎప్పుడని అడిగాడు.

ఇంతా చేసి ఆ కత్తులతో ఆయన ఏం కోస్తారంటే, కొత్త కత్తి వచ్చిన పెట్టె మీది టేపు.

మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పచ్చికొబ్బరి చిప్పలోంచి ఊడటం లేదు. "అల్లుడుగారి దగ్గర బోలెడు కత్తులున్నాయిగా, ఒకటి ఇమ్మనవే" అంది అక్కతో. హాల్లో కూచున్న బావగారి ముఖం పాలిపోయింది. లేచి వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తయ్యగారూ, ఇది కోయడానికేనండీ, పెకలించడానికి కాదు. గట్టి ఉక్కు మెలిపెడితే మొన విరుగుతుంది" అని కాఠిన్యానికీ పెళుసుదనానికీ ఉన్న సంబంధం వివరించారు. మా అమ్మ తల వంచుకుని శ్రద్ధగా విన్నది. వింటూనే అట్లకాడతో చిప్ప ఊడదీసి కొబ్బరి ముక్కలు పళ్ళెంలో పెట్టి, "ఒకటి తీసుకోండి నాయనా" అంది.

చవక కత్తుల జోలికి మాత్రం ఆయన పోరు. నా దగ్గర ఒక ఒపినెల్ ఉంది. ఫ్రాన్స్‌లో సవోయ్ కొండల్లో 1890 నుంచీ చేస్తున్న కత్తి, బీచ్ కర్ర పిడి. తడి తగిలితే కర్ర ఉబ్బి బ్లేడు బయటికి రానంటుంది. అప్పుడు పిడి వెనక భాగాన్ని బల్లమీద ఠపీమని కొడితే మొన తల పైకెత్తుతుంది. ఆ ఊళ్ళవాళ్ళు తరతరాలుగా చేసే పనే అది. ఇందులో బ్లేడు నడిమధ్యన ఉందా అని బావగారు ఒక్కసారి కూడా చూడలేదు. అడిగితే, "ఇరవై డాలర్ల కత్తిని పట్టుకుని ఏం ప్రశ్నలోయ్ అవి!" అన్నారు. తప్పు కత్తిలో ఉండదు, బిల్లులో ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది.

ఏటా జూన్‌లో అట్లాంటాలో బ్లేడ్ షో అని పెద్ద కత్తుల తిరనాళ్ళు జరుగుతాయి. అక్కని సెలవులని చెప్పి ఓసారి తీసుకెళ్ళారు. హోటల్లో ఈతకొలను బాగుందట. ఇక విమానం ఎక్కేటప్పుడు కత్తి చెకిన్ సూట్‌కేసులో వేస్తూ ప్రతిసారీ 2013 సంగతి ఎత్తుతారు. చిన్న మడతకత్తులు చేతిసంచిలో తీసుకెళ్ళనిస్తామని విమానాశ్రయ భద్రతవాళ్ళు ఆ మార్చిలో ప్రకటించి, జూన్‌కల్లా మాట మార్చేశారు. పన్నెండేళ్ళు దాటినా ఆ గాయం పచ్చిగానే ఉంది.

ఈ అంటురోగం నన్నూ వదల్లేదు. మొన్న హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠీలో కత్తెర కొంటూ, దాన్ని ట్యూబులైటుకి ఎత్తిపట్టి ఒక కన్ను మూశాను. కొట్టువాడు, "కత్తిరించడానికా సార్, షోకేసులో పెట్టడానికా?" అన్నాడు.

కిందటేడు బావగారు ఒక కత్తి కంపెనీకి ఉత్తరాలు రాశారు. పేరు ఇక్కడ చెప్పను. ఎర్ర బాణాల గుర్తులతో ఫొటోలు జతచేశారు. "మా ప్రమాణాల పరిధిలోనే ఉంది" అని జవాబొచ్చింది. ఆ వాక్యం చూసి ఆయన అన్నం మానేశారు. "ఆఫీసులో మీరు క్లయింట్లకి రాసేదీ అదే ముక్క కదండీ" అని అక్క గుర్తుచేసింది. మరునాడు కూడా తినలేదు. ఉత్తరాలు ఇంకా ఘాటుగా వెళ్ళాయి. చివరికి కంపెనీవాళ్ళు విసిగి, కత్తి పంపమని, విప్పి, సరిచేసి తిరిగి పంపారు.

ఫోను లైటు వేశారు. నడిమధ్యన ఉంది. ఆ రేకు ఈ పక్కా దూరింది, ఆ పక్కా దూరింది. ఊపితే కదల్లేదు. భూతద్దంలో రెండంచులూ కవలల్లా ఉన్నాయి. పెన్సిలు అక్కర్లేకుండానే పట్టీ సాఫీగా జారింది. నన్ను పిలిచారు. ఇన్నాళ్ళ అలవాటుకొద్దీ నేను "కొంచెం ఎడమకి..." అనబోయాను. "లేదోయ్, సరిగ్గానే ఉంది" అన్నారు నీరసంగా.

ఆ కత్తిని నెల తిరక్కుండా నష్టానికి అమ్మేశారు. ఎందుకండీ అంటే, "ఇంక దాంట్లో చూడటానికి ఏవుందోయ్" అన్నారు. ఇప్పుడు ఇంకో కంపెనీది ఆర్డరు పెట్టారు. దాని మొదటి బ్యాచిలో లాకు జారుతోందని ఫిర్యాదులు వచ్చాయట. రెండో బ్యాచి వచ్చేలోగా దొరుకుతుందో లేదోనని ఆయన బెంగ.