తొడిమకి ఆరొందలు

మాఘమాసం వచ్చేసరికి గుంటూరులో మనుషులు రెండు రకాలవుతున్నారు. మిరపకాయకి తొడిమ తీసి డబ్బు పుచ్చుకునేవాళ్లు ఒక రకం, డబ్బు కట్టి తొడిమ తీసేవాళ్లు ఇంకో రకం. మొదటి రకం ఎప్పటినుంచో ఉన్నారు. మిర్చి యార్డు చుట్టుపక్కల, కోల్డ్ స్టోరేజీల దగ్గర, ముక్కుకీ మూతికీ కొంగు బిగించి, గుట్ట ముందు గొంతుక్కూర్చుని కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లు. రెండో రకం ఈమధ్యే మొదలైంది. ఇందులో చేరాలంటే వారం ముందే పేరు రాయించుకోవాలి, ఫోన్లో డబ్బు కొట్టాలి. ఏప్రాను మాత్రం వాళ్లే ఇస్తారు. మా ఆవిడా, నేనూ, మా మేనత్తా ఈ రెండో రకంలో చేరాం.

చిలకలూరిపేట పోయే రోడ్డు పక్కన ఒక ఫార్మ్ షాపుంది. పేరు చెప్పను. చెబితే అక్కడ మా ఆవిడ పరపతి పోతుంది. పైన తాటాకు, కింద ఏసీ. ముందు నాలుగు మడుల తోటకూర, కంచె పక్కన ఒంగోలు ఆవు, దాని మెడలో గంట, పక్కనే ఫొటో తీసుకోవటానికి బల్ల. ఆ ఆవు మొహం చూస్తే ఎన్ని వేల ఫొటోల్లో నిలబడిందో తెలిసిపోతుంది. కెమెరా తీయగానే మోర అదే పైకెత్తుతుంది.

లోపల గోడకి ఏడాది కార్యక్రమాల పట్టిక తగిలించారు. పంచాంగం రాసేవాళ్లు కూడా ఇన్ని పండగలు పెట్టరు. ధనుర్మాసంలో గొబ్బెమ్మలు, మాఘంలో కొరివికారం, ఎండల్లో వడియాలు, చల్ల మిరపకాయలు, ఆ వెనకే ఆవకాయ. ఆషాఢంలో గోరింటాకు నూరటం, కార్తీకంలో వత్తులు చెయ్యటం. మా చిన్నప్పుడు ఈ పనులు చెప్తారేమోనని పెరటి గోడ దూకి పారిపోయేవాళ్లం. ఇప్పుడు గేటు దగ్గర డబ్బు కట్టి వరసలో నిలబడుతున్నాం. గొబ్బెమ్మల రోజున పిల్లలు గ్లవుసులు తొడుక్కుని పేడ పిసికారట. పేడ టికెట్లోనే వస్తుంది గానీ గుమ్మడిపువ్వుకి మాత్రం విడిగా కట్టాలట.

కార్తీకంలో వత్తుల కార్యక్రమానికి మా ఆవిడ ఒక్కతే వెళ్లొచ్చింది. పత్తి పండే నేల మీద పుట్టి, పత్తి బళ్ల వెనక బడికి నడిచిన మనిషి, మెత్తటి తివాచీ మీద కూర్చుని దూదిలో గింజ ఎట్టా తీయాలో నేర్చుకుంది. వేళ్లకి కాస్త విబూది అద్దుకుంటే దూది జారకుండా పట్టు చిక్కుతుందని ఇంటికొచ్చి నాకు చెప్పింది. మా అమ్మ నలభయ్యేళ్లు మా ఇంట్లో అదే విబూదితో అదే పని చేసింది. అప్పుడు మా ఆవిడ టీవీ చూసేది. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు. వస్తూ వస్తూ ఒక పొట్లం పువ్వొత్తులు కొనుక్కొచ్చింది, డెబ్బై అయిదు రూపాయలు. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 7,521 రూపాయలు, అంటే కిలో డెబ్బై అయిదు. గింజతో సహా కిలో పత్తి ఇచ్చినందుకు రైతుకి ఎంతొస్తుందో, గుప్పెడు వత్తులకి మేం అంత ఇచ్చామన్నమాట. పైగా ఆ పత్తికి ఆ ధర కూడా పూర్తిగా దక్కాలంటే తేమ తక్కువుండాలి. వత్తులకి తేమ పరీక్ష లేదు.

కొరివికారం ముచ్చట 2025 ఫిబ్రవరిది. మా మేనత్తని కాపరానికి పర్చూరు పక్కన ఒక పల్లెకి ఇచ్చారు. కంటి డాక్టరుకి చూపించుకోవటానికి మా ఇంటికొచ్చింది. మిరప, పత్తి, పొగాకు మధ్య డెబ్బై ఏళ్లు బతికిన మనిషి. ఇంట్లో ఒక్కతినే కూర్చోబెట్టటమెందుకని ఆవిడ పేరు కూడా రాయించాం.

"తలకి ఆరొందలా? ఏమిస్తారంట?" అంది.

"పచ్చడి పెట్టటం నేర్పుతారత్తా."

"ఎవరికి?"

"మనకి."

అత్త నా మొహం వంక చాలాసేపు చూసింది. కంటి డాక్టరు అవసరం ఎవరికా అన్నట్టు చూసింది.

ఆ నెల యార్డులో ధర పడిపోయి రైతులు గగ్గోలు పెడుతున్నారు. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలు మిర్చికి 11,781 రూపాయలు లెక్కగట్టింది కూడా ఆ నెలలోనే. అత్తకి బడి చదువు లేకపోయినా మిర్చి లెక్క నోటికొచ్చు. కారెక్కేలోపే తేల్చేసింది: ఆరొందలకి అయిదు కిలోల ఎండుమిర్చి వస్తుంది, ఇంకా పది రూపాయల పైన మిగుల్తుంది, గోళీసోడా తాగొచ్చు. ముగ్గురం కలిసి పదిహేను కిలోల మిర్చి మింగేసి పోతున్నామని దారిపొడుగునా సణుగుతూనే ఉంది.

నేర్పే అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. నెమ్మదైన పిల్ల, మిరపకాయ గురించి బాగా చదువుకుంది. మిరప మన దేశపుది కాదనీ, పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చారనీ చెప్పింది. ఘాటు గింజలో ఉంటుందనుకుంటాం గానీ నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుందని కాయ చీల్చి చూపించింది. తేజకి ఘాటెక్కువ, బాడిగకి రంగెక్కువ, గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉందని కూడా చెప్పింది. అన్నీ సత్యాలే. అత్త కూడా బుద్ధిగా వింది. తర్వాత తలా ఒక పళ్లెంలో అరకిలో పండుకాయ పెట్టి, "ముందు తొడిమలు తీసేసి, ఆ తర్వాత శుభ్రంగా కడగండి" అంది.

అత్త లేచి నిలబడింది.

"అట్టా చేస్తే చెడిపోద్దమ్మా. ముందు కడగాల. గుడ్డ మీద ఆరబొయ్యాల. తడి లేకుండా తుడవాల. అప్పుడు తొడిమ తియ్యాల. తొడిమ పీకి కడిగితే ఆ బెజ్జంలోంచి నీళ్లు లోపలికి పోవా? మూడో రోజుకి బూజు పట్టదా?"

పాతికమంది చేతులు గాల్లో ఆగిపోయాయి. అప్పటికే సగం మంది సగం తొడిమలు పీకేశారు. ఆ అమ్మాయి కాగితం చూసుకుంది, కాగితంలో అట్టా లేదు. అయినా ఒప్పుకోక తప్పలేదు, ఎందుకంటే విన్నవాళ్లందరికీ ఆ బెజ్జం కళ్లకి కనిపిస్తోంది. అక్కడినుంచి క్లాసు ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. అత్త బల్లల మధ్య తిరగటం మొదలెట్టింది. చింతపండులో ఈనెలు ఉంచినవాణ్ణి తిట్టింది. రోట్లో కాయలన్నీ ఒక్కసారే పోసిన దంపతుల దగ్గర ఆగి, "రోలు మింగుద్దా, మీరు మింగుతారా?" అని అడిగింది. ఉప్పు దగ్గర మాత్రం బాగా కోపమొచ్చింది. గిన్నెలో గులాబి రంగు రాళ్లున్నాయి. హిమాలయాల ఉప్పంట. చినగంజాం ఉప్పు కొఠార్లు అత్తగారి ఊరికి బస్సు దూరం. "మనకి సముద్రం ఎండిపోయిందా? కొండెక్కి తెచ్చుకోవాల్సొచ్చిందా?" అంది. ఆ మాటకి జవాబు ఆ షాపులో ఎవరి దగ్గరా లేదు. వంటింట్లోంచి వంటమనిషి తన కల్లుప్పు డబ్బా గుట్టుచప్పుడు కాకుండా తెచ్చిచ్చింది.

దంపటం మొదలయ్యాక అసలు కథ. పండుకాయ రోకటి కింద పడ్డప్పుడు ముందు చిట్లి, తర్వాత జారి, ఆ తర్వాత ఎవరి మొహం దగ్గరగా ఉంటే వాళ్ల మీదకి చిందుతుంది. ఎర్ర గుజ్జులో గింజలు బంగారు రవ్వల్లా మెరుస్తుంటే కెమెరాలు బయటికొచ్చాయి. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు అదే చేత్తో ఫోనెత్తాడు, అదే ఫోను చెంపకి ఆనించాడు. కాసేపటికి కొళాయి దగ్గర తిరునాళ్లయింది. నీళ్లు పోసుకున్నకొద్దీ మంట పాకుతుంది. అత్త నూనె గిన్నె పట్టుకొచ్చి అందరి చేతులకీ పూసింది. ఘాటు నూనెలోనే కరుగుతుంది, నీళ్లలో కరగదని ఆ అమ్మాయి కూడా ఒప్పుకుంది. రోజు మొత్తం మీద గురువులిద్దరూ ఏకాభిప్రాయానికొచ్చింది అక్కడే.

కొరివికారంలో ఒక చిక్కుంది. దంచిన కాయా, ఉప్పూ, చింతపండూ కలిపి జాడీలో పెడితే మూడో రోజుకి గానీ ఊరదు. అప్పుడు తీసి మళ్లీ నూరి, మెంతిపిండి కలిపి, వెల్లుల్లీ ఇంగువా వేసి తాలింపు పెట్టాలి. మన కార్యక్రమమేమో మూడు గంటలది. అందుకని ముందే ఊరబెట్టిన జాడీ ఒకటి బల్ల కిందినుంచి బయటికి తీశారు. టీవీ వంటల్లో చేసే మాయే ఇది. మనం దంచింది లోపలికి పోయింది, ఎవరో దంచింది మన సీసాలోకి వచ్చింది. ఆ "ఎవరో" ఊళ్లోంచి రోజూ కూలికొచ్చే మనిషని తర్వాత తెలిసింది. ఆవిడకి ఏప్రాను ఇవ్వలేదు.

మధ్యాహ్నం భోజనంలో చిరుధాన్యాలు. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పటినుంచి కొర్రలకీ అరికలకీ మంచి రోజులొచ్చాయి. అరిటాకులో జొన్న సంగటి ముద్ద పెట్టి, మీద నెయ్యి వేసి, పక్కన ఇందాకటి కొరివికారం వడ్డించారు. అత్త ముద్ద వంక పాత శత్రువుని చూసినట్టు చూసింది. పుట్టిల్లు సత్తెనపల్లి వైపు. చిన్నతనమంతా జొన్నన్నమే. 1967లో సాగరు కుడికాలువకి నీళ్లొదిలాక మెల్లగా ఇంట్లోకి వరన్నం వచ్చింది. "అది తప్పించుకోటానికే గదరా డ్యాము కట్టారు" అంది.

జొన్నకూడు మీద గొడవ అత్తతో మొదలవలేదు. శ్రీనాథుడంతటివాడు పల్నాడు వచ్చి ఆ తిండి చూసి గోలపెట్టాడని చాటువులున్నాయి. ఆయన్ని అందరూ సుకుమారుడని ఆడిపోసుకుంటారు గానీ నాకు ఆయన మీద జాలి. శ్రీనాథుడు పదిహేనో శతాబ్దపు మనిషి. పోర్చుగీసు ఓడ మన రేవు చేరింది 1498లో. అంటే పాపం ఆయన జొన్నకూడు మిరపకాయ లేకుండా తిన్నాడు! మిరియప్పొడితో నెట్టుకొచ్చి ఉంటాడు. ఆ రోజు ఆకులో వడ్డించినట్టు ఒక వేలెడు కొరివికారం ఆయన ముందు పెట్టి ఉంటే పల్నాటి మీద ఇంకో రకం పద్యాలు వచ్చేవని నా నమ్మకం. సాహిత్య చరిత్రకారులు ఈ కోణం ఎందుకు వదిలేశారో మరి.

అత్త కొడుకు, మా బావ, న్యూజెర్సీలో ఉంటాడు. తింటూ ఉండగా అత్త తన ఫోను నా చేతికిచ్చి, అక్టోబరులో వాడు పంపిన ఫొటోలు తీయమంది. యాపిల్ తోట. చేతిలో సంచీ. పిల్లలూ వాడూ చెట్టుకింద కాయలు కోస్తున్నారు. అక్కడ తోటలోకి వెళ్లటానికే డబ్బు కట్టాలి, కోసింది తూకమేసి మళ్లీ కట్టాలి. గుమ్మడికాయల తోట సంగతీ అంతే. "ఈడు చేలో పత్తి తియ్యమంటే కడుపునొప్పనేవాడు. ఆ పత్తి తీత తప్పించుకోటానికే గదా ఇంజినీరింగు చదివింది. ఇప్పుడు డబ్బు కట్టి కూలికి పోతున్నాడు" అంది అత్త, పక్క బల్లవాళ్లకి కూడా ఫొటో చూపిస్తూ. వాళ్లలో ఇద్దరికి అమెరికాలో కొడుకులున్నారు. వాళ్లూ ఫోన్లు తీశారు. అందరి కొడుకులూ యాపిళ్లే కోస్తున్నారు.

నేర్చుకోటానికి డబ్బు కట్టటం తప్పని నేననను. గుంటూరు పక్కనే కొర్నెపాడులో రైతునేస్తం ఫౌండేషన్ వాళ్లు శిక్షణ తరగతులు పెడుతుంటారు. దాన్ని నడిపే యడ్లపల్లి వెంకటేశ్వరరావు గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ ప్రకృతి సేద్యం, కషాయాలు, మిద్దెతోటలు, చిరుధాన్యాలు నేర్పుతారు. వినేవాళ్లు సాయంత్రం ఇంటికెళ్లి పొలంలో పని మొదలెట్టే మనుషులు. అక్కడ నవ్వటానికి నాకేమీ దొరకలేదు, హాస్యం రాసేవాడికి అంతకన్నా నష్టం లేదు. అక్కడ పొలానికి చెప్పే జీవామృతం పాళ్లు నా నోట విన్నాక మాత్రం అత్త కొంచెం ఆదుకుంది. రెండొందల లీటర్ల నీళ్లకి పది కిలోల పేడ, ఆవు పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి. "బెల్లమూ శనగపిండీ పొలానికి, జొన్నలు మనకా?" అంది.

కొరివికారం రోజున చివర్లో అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. అత్త పేరు ఇంగ్లీషులో తప్పుగా పడింది. పడితే పడింది గానీ, షాపు మేనేజరు ఆవిణ్ణి పక్కకి పిలిచాడు. మే నెలలో ఆవకాయ కార్యక్రమం ఉంది, వచ్చి నేర్పగలరా అని అడిగాడు. అత్త పైట సర్దుకుని కూర్చుంది. మిర్చి యార్డులో గుడ్డ కింద వేళ్లతో బేరమాడే పాతకాలపు కమీషన్ వ్యాపారి కూడా అంత నిదానంగా కూర్చోడు. రోజుకెంత అని మేనేజరు, తలకెంత అని అత్త. గంటసేపు సాగింది. చివరికి తలకి రెండొందలు, రాను పోను కారు, మధ్యాహ్నం వరన్నం. షరతులు వేరే ఉన్నాయి. కాయ అత్త చూసి ఒప్పుకున్నదే కొనాలి. గులాబి ఉప్పు కంటికి కనపడకూడదు. ముక్కలకి పిండి పట్టించి జాడీ మూత పెట్టేదాకా ఫోన్లన్నీ బుట్టలో వెయ్యాలి. దంచే మనిషికి కూడా ఏప్రాను ఇవ్వాలి.

మేనేజరు అన్నిటికీ తలూపాడు. మర్నాటికల్లా పట్టికలో ఆవకాయ పక్కన అత్త ఫొటో వచ్చింది, టికెట్ ఆరొందల నుంచి ఎనిమిదొందలకి పెరిగింది. మా ఆవిడ నాకు చెప్పకుండానే రెండు పేర్లు రాయించేసింది. మేనల్లుడికి తగ్గింపేమైనా ఉందా అని ఫోను చేసి అడిగాను.

"నీకా? మొన్న నువ్వు తీసిన తొడిమలు చూశాలే. సగం కాయ దాంతోటే పోయింది" అంది అత్త. "నీకు తగ్గించటం కాదు, పైన ఇంకో వంద వెయ్యాల."