ఆల్బం నలుపు: సటీకా తాత్పర్యం

మూలం: "అన్నా! సిస్టంలో తెల్లగా ఉండె గదా, ఆల్బంలో నల్లగా వచ్చిండాది, యాలా?"

అవతారిక: పెండ్లిళ్ల ముహూర్తాలు ముగిసి, కడపలో ఎండ 40 డిగ్రీలు దాటిన వేళ, పెండ్లికూతురి నాయన ఆల్బం చంకన పెట్టుకొని స్టూడియో మెట్లెక్కి పలికిన వాక్యమిది. గండికోటలో పెన్న లోయ అంచున తీసిన ఫొటోల్లో ఆకాశం కనబడుతోంది, అల్లుడి ముఖం కనబడడం లేదు.

ప్రతిపదార్థం: అన్నా = ఓ స్టూడియో యజమానీ (కొడుకు వయసువాడే; సీమలో ఈ పిలుపు వయసు చూడదు, పని చూస్తుంది); సిస్టంలో = ఎడిటింగ్ మానిటర్ మీద; తెల్లగా ఉండె గదా = నువ్వే పిలిచి చూపిస్తివి గదా; ఆల్బంలో = ల్యాబ్ నుంచి ప్రింటై వచ్చిన పుస్తకంలో; నల్లగా = కడప బండ మాదిరి; వచ్చిండాది = వచ్చి ఉన్నది; యాలా = ఎందువలన? మిగిలిన బాకీ యాల ఇయ్యాల అన్నది ధ్వని.

తాత్పర్యం: తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం తనమీద పడిన వెలుతురునే తిరిగి ఇస్తుంది. స్టూడియో అద్దాల తలుపు రోడ్డువైపు ఉంది. ఆ ఎండకు తెర వెలవెలబోతే ఎడిటింగ్ చేసే కుర్రవాడు బ్రైట్‌నెస్ నూటికి నూరు పెట్టాడు. అలా పెడితే మామూలు మానిటర్ చదరపు మీటరుకు 250 నుంచి 300 క్యాండెలాల వెలుగు చిమ్ముతుంది. ప్రింటు కోసం ఎడిట్ చేసేవాళ్లు సాధారణంగా పెట్టుకొనేది 80 నుంచి 120. మూడువందలకూ నూటికీ నడుమ ఒకటిన్నర స్టాపు (వెలుగు రెండింతలైతే ఒక స్టాపు) పైనే తేడా. సాయంత్రం తలుపు మూశాక అదే తెరమీద అల్లుడి ముఖం మరీ తెల్లగా తోచి, కుర్రవాడు ఎక్స్‌పోజర్ కిందికి లాగాడు. మానిటర్ బటన్ మార్చేది తెర వెలుగునే. ఎక్స్‌పోజర్ స్లైడర్ మార్చేది ఫొటోలోని అంకెలను. ల్యాబ్‌కు పోయినవి అంకెలే.

పాఠాంతరం: కర్నూలు ప్రతిలో "నల్లగా" ఉన్నచోట "పాలిపోయి" అని కనబడుతుంది. అక్కడ దోషం తలకిందులు: చీకటి గదిలో తెర మరీ తగ్గించి కూర్చున్నవాడు బెలుం గుహల ఫొటోలు తెరిచాడు. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహల్లో (2022లో అవి నంద్యాల జిల్లాకు పోయాయి, ప్రతి మాత్రం పాతది) దీపాల వెలుగు అసలే తక్కువ. నీడలు మసిగా తోచి పైకెత్తితే, ప్రింటులో చీకటి బూడిద రంగై, గరుకు బయటపడింది.

పూర్వపక్షం: "వాట్సాప్‌లో బాగనే ఉండె గదా?" అంటారు. ఎండలోకి పోగానే ఫోన్ తన వెలుగు తానే పెంచుకొంటుంది. దాని సాక్ష్యం చెల్లదు.

సిద్ధాంతం: హిస్టోగ్రామ్ (ఫొటోలో ఏ వెలుగు ఎంత ఉందో చూపే పటం) చూడాలని ఒక పక్షం, కన్నే ప్రమాణమని మరొకటి. హిస్టోగ్రామ్ అంకెలను చదువుతుంది గనుక తెర దానిని మోసపుచ్చలేదు, నిజమే. ముఖం మీది ఛాయ సరిపోయిందా అన్నది మాత్రం అది చెప్పదు. కాబట్టి తెరను తలుపువైపు తిప్పకుండా బల్ల జరిపి, ట్యూబులైటు కింద ఒక తెల్లకాగితం తెర పక్కన పట్టి, తెరమీది తెలుపు కాగితం తెలుపుకు సరితూగేదాకా బ్రైట్‌నెస్ తగ్గించాలి. ఇది నాకు నచ్చిన మార్గం, ఖర్చు లేదు.

ఆల్బం మళ్లీ వేయించే ఖర్చు ఎవరిదో మూలంలో లేదు. స్టూడియోదేనని నా నిర్ణయం. పెండ్లివారు మాత్రం అడ్వాన్సు ఇచ్చేనాడే ఒక నమూనా ప్రింటు అడిగి పెట్టుకోండి.