ఎనకాల ఖాళీ ఉంది బాబూ!

‘బండి నిండిపోయింది’ అని చెప్పిన డ్రైవరు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాకింతవరకు తారసపడలేదు. లోపల ఊపిరాడకపోతే పైన చోటుంటుంది. పైనా లేకపోతే వెనకాల ఉంటుంది. “ఎనకాల కట్టేద్దాం బాబూ, ఏటౌద్ది?” అన్న ఒక్క మాట ముందు మోటారు కంపెనీల ఇంజనీర్లు వేసిన లెక్కలన్నీ దిగదుడుపే.

ఒకప్పుడు పల్లె బస్సులకు వెనక ఇనుప నిచ్చెన ఉండేది. కొబ్బరి బస్తాలు, సైకిళ్లు, కోళ్ల గంపలు దాని మీదుగా టాపెక్కేవి. ఇప్పుడు నిచ్చెన పోయింది గానీ సరుకు ఎక్కడికి పోతుంది? షేర్ ఆటో వెనక్కి చేరింది. వేసవిలో ఉద్దానం పనసకాయలు, పండగకి విశాఖలోని కొడుకింటికి వెళ్లే బియ్యం మూటలు, పెళ్లిళ్ల రోజుల్లో సారె బిందెలు, అన్నీ అక్కడే. బొబ్బిలి వీణ ఒక్కటే ఒళ్లో కూర్చుని దర్జాగా వస్తుంది. పనసచెట్టు కర్రకి దక్కిన ఆ మర్యాద పనసకాయకి దక్కదు.

కట్టడానికి మోకులూ గొలుసులూ అక్కర్లేదు. పాత సైకిలు ట్యూబుని నిలువునా చీల్చిన పేలిక చాలు. కంచిలిలో ఓ డ్రైవరు కట్టగా చూశాను. వెనక రేకు దించి, దాని మీద పనసకాయలు పేర్చి, ట్యూబు కొస పళ్లతో పట్టుకుని, బండికి కాలు తన్నిపెట్టి లాగాడు. ట్యూబు సాగింది, ఆటో మూలిగింది, ముడి పడింది. పైన ఇంకో రెండు కాయలు పెట్టి, అరిచేత్తో ఓ దెబ్బ వేసి చూసుకున్నాడు. అదే ఫిట్‌నెస్ పరీక్ష.

తర్వాత ముందుకొచ్చి హేండిల్ అటూ ఇటూ తిప్పాడు. ఎందుకో సందేహం వచ్చినట్టుంది. ఎక్కినవాళ్లందరినీ ఓసారి ఎగాదిగా చూసి, నా దగ్గర ఆగాడు.

“పెద్దోరు, తమరు ముందుకొచ్చి నా పక్కన కూకోండి.”

నెరిసిన జుట్టుకి దక్కిన గౌరవమని తోటి ప్రయాణికులు అనుకుని ఉంటారు. బంకు దగ్గర పెట్రోలు పోసే కుర్రాడితో డ్రైవరు అసలు సంగతి చెప్పేశాడు. “ఎనకాల బరువెక్కువైపోనాది. ముందు ఈ బాబున్నారు గాబట్టి హేండిల్ నిలకడగుంది.” ఆయన మన్నించింది నా వయసుని కాదు, నా తూకాన్ని!

ఆ మాటలో శాస్త్రం లేకపోలేదు. వెనక ఇరుసు దాటి బరువు వేలాడితే బండి ముందుభాగం తేలిపోతుంది. ఆటోకి ముందున్నది ఒకే చక్రం. తిరగడమంతా దాని మీదే. అది నేలకి గట్టిగా ఆనకపోతే హేండిల్ ఎటు తిప్పినా ఒకటే. ట్రాక్టరు ముక్కుకి ఇనుప దిమ్మలు తగిలించేది ఇందుకే. అమెరికాలో కారు వెనక ఇల్లులాంటి ట్రైలరు తగిలించుకుని ఊళ్లు తిరిగేవాళ్లు ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా సర్దుకుంటారు. బరువంతా వెనక్కి జరిగితే ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది, కారుని కూడా ఊపేస్తుంది. వాళ్లకి తూకం చూసే పరికరాలున్నాయి. మా డ్రైవరుకి నేనున్నాను.

మా వైపు ఈ విద్య తెలియనిదేం కాదు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మవారి సిరిమానోత్సవం చూడండి. యాభై అడుగులు దాటిన చింతమాను, ఆకాశంలో దాని కొసన పూజారి, కింద లక్షల జనం. అమ్మవారి గుడికీ కోటకీ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది. ఎక్కడ ఇరుసు పెట్టాలో, ఎక్కడ తాడు పట్టాలో తెలిసినవాళ్లు దగ్గరుండి చూసుకుంటారు. “ఏటౌద్ది” అని మాత్రం అక్కడ ఎవరూ అనరు.

రోడ్డు మీద ఇనుప చువ్వలు కట్టినవాడు చివర ఎర్రగుడ్డ ముక్క వేలాడదీసి, చట్టానికి చేయవలసిందంతా చేసేశాననుకుంటాడు. చట్టం లెక్క వేరే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు హద్దు దాటి ముందుకో వెనక్కో పక్కకో పొడుచుకొస్తే 20,000 రూపాయల జరిమానా. పైగా ఆ సరుకు దింపించిన ఖర్చూ మనదే.

కాబట్టి బాబూ, బరువైనది ఇరుసుకి ముందు పెట్టండి, తేలికైనదే వెనక కట్టండి. అప్పటికీ మిగిలిపోతే రెండో ఆటో మాట్లాడుకోండి. కంచిలి నుంచి కాశీబుగ్గకి ఎంత బేరమాడని ఆటోవాడైనా ఇరవై వేలు అడగడు.