నొప్పికి సున్నా మార్కులు

పదో తరగతి గట్టెక్కాలంటే సబ్జెక్టుకి 35 మార్కులు చాలు. వికలాంగుల పెన్షన్ కోసం సదరం అనే వైకల్య పరీక్ష గట్టెక్కాలంటే 40 రావాలి. మార్కుల్ని అక్కడ శాతం అంటారు, అంతే తేడా. 39 దగ్గర ఆగిపోయినవాళ్ళకి గ్రేస్ మార్కులు ఉండవు గానీ సప్లిమెంటరీ ఉంటుంది. దాన్ని అప్పీలు అంటారు. పాసైనవాళ్ళకి ఒకటో తారీకు తెల్లారేసరికి సచివాలయం వాళ్ళు గుమ్మంలోకొచ్చి, వేలిముద్ర వేయించుకుని 6 వేలు చేతిలో పెట్టి వెళతారు. 2024 జూన్ దాకా అది 3 వేలే. రెట్టింపయ్యాక మా నరసాపురం జనానికి తమ కీళ్ళ మీద, ఎముకల మీద, నరాల మీద ఎన్నడూ లేని శ్రద్ధ పుట్టుకొచ్చింది.

మా వీధి పిన్నిగారికి ఆ శ్రద్ధ అంతకు చాలా ముందు నుంచే ఉంది. ఉండక తప్పలేదు. ఆవిడ లేసు అల్లే మనిషి. పావడా కట్టిన రోజుల్లో క్రోషా సూది పట్టారు, మనవరాలికి పావడాలు కుట్టించే రోజులొచ్చినా వదల్లేదు. లోపల వెలుతురు చాలదని గుమ్మంలో ముందుకి వంగి కూర్చుని అల్లేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంటారు. కాసేపటికి కుడికాలు చాపుతారు. ఇంకాసేపటికి ద్వారబంధం పట్టుకుని లేస్తారు. లేచి నిలబడ్డమూ ఎంతోసేపు సాగదు.

"నడుం దగ్గర మొదలవుద్దండి. పిర్రలోకి దిగి, తొడ ఎనకాల్నించి పిక్కలోకొచ్చి, చిటికెనేలు దాకా జివ్వుమని లాగేత్తాదండి, ఆయ్" అంటారు. ఆవిడ చెప్పే దారి డాక్టర్ల పుస్తకంలో గీసిన సయాటికా నరంతో మలుపు మలుపునా సరిపోతుంది. ఆవిడ ఆ పుస్తకం చదవలేదు. చదివి ఉంటే నటిస్తోందనేవాళ్ళు.

సదరానికి స్లాటు కావాలి. స్లాటు సచివాలయంలో దొరుకుతుంది, దొరికినప్పుడు. ఆ రోజు పొద్దున్నే వెళ్ళి బెంచీ మీద కూర్చోవాలి. కిటుకంతా ఆ బెంచీలోనే ఉంది. మధ్యాహ్నం దాకా కూర్చోగలిగితే మీకు నడుం నొప్పి లేనట్టు. కూర్చోలేక ఇంటికెళ్ళిపోతే స్లాటు పోయినట్టు. ఈ రెంటి మధ్య నుంచి దూరి లోపలికి చేరినవాళ్ళే అసలైన అభ్యర్థులు.

డాక్టరుగారు మంచాయనే. పిన్నిగారిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తారు. సగం లేవకుండానే ఆవిడ కెవ్వుమన్నారు. సయాటికాకి ఇది పాతకాలం నుంచీ చేస్తున్న పరీక్షే. 30, 70 డిగ్రీల మధ్య నొప్పి కాల్లోకి దిగితే నరం నొక్కుకుపోయిందని అనుమానించాలి. ఆయన అనుమానించారు కూడా. "నొప్పి ఉందమ్మా, నాకు తెలుస్తూనే ఉంది" అన్నారు. కానీ ఆయనకి తెలిస్తే చాలదు. కాగితానికి తెలియాలి.

ఆ కాగితం సంగతి చూద్దాం. వైకల్యాన్ని ఎలా కొలవాలో కేంద్ర ప్రభుత్వం 2001లో మార్గదర్శకాలు అచ్చేసింది. అందులో వెన్నెముక నొప్పికి అయిదు మెట్లు కట్టారు. నొప్పి అని మీరు చెప్పడమే తప్ప కండరం పట్టేయడం గానీ, లోపల కనిపించే లోపం గానీ లేకపోతే 0. నొప్పితో పాటు కండరం పట్టేసి, వెన్ను బిగుసుకుపోయి, ఎక్స్‌రేలో కొద్దిపాటి మార్పులుంటే 20. మార్పులు ఓ మోస్తరుగా ఉంటే 25. మెడ, వీపు, నడుం, వీటిలో ఏదో ఒకచోట తీవ్రంగా ఉంటే 30. వెన్నెముక మొత్తం తీవ్రంగా ఉంటే 40. అంటే నడుం ఒక్కటే ఎంత పాడైపోయినా 30 దాటదు. పాసవ్వాలంటే మెడ నుంచి ముడ్డిపూస దాకా పూసలన్నీ కూడబలుక్కుని పాడవ్వాలి.

ఇంకో దారి ఉంది. నరం దెబ్బతిని పాదం పైకి లేవకుండా వేలాడిపోతే ఆ బలహీనతని వేరే పద్దులో కొలుస్తారు, అక్కడ శాతాలు పడతాయి. కాబట్టి నరం నొక్కుకుంటే లాభం లేదు, చచ్చిపోవాలి. ఆ తర్వాత 2018లోనూ 2024లోనూ మార్గదర్శకాలు కొత్తగా వచ్చాయి. నొప్పిని కొలిచే మీటరు మాత్రం ఎవరికీ దొరకలేదు.

పిన్నిగారి ఎక్స్‌రేలో వయసుకి తగ్గ అరుగుదల కనిపించింది. అరుగుదల వయసుకి తగ్గట్టు ఉంటే అది జబ్బు కిందకి రాదు, పద్ధతి కిందకి వస్తుంది.

ఎంఆర్ఐ తీయించుకుంటే అంతా బయటపడుతుందని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఎంఆర్ఐ అబద్ధమాడదని మన గట్టి నమ్మకం. 1994లో అమెరికాలో ఒక పని చేశారు. నడుం నొప్పి ఊసే లేని 98 మందికి ఎంఆర్ఐ తీశారు. వాళ్ళలో 52 శాతం మందికి ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవాళ్ళు 36 శాతమే. అంటే ఫొటోలో జబ్బుండి ఒంట్లో నొప్పి లేనివాళ్ళు బోలెడు మంది. వాళ్ళు కాస్త మూలగడం నేర్చుకుంటే మెట్లెక్కడం మొదలుపెట్టొచ్చు. ఒంట్లో నొప్పి ఉండి ఫొటోలో పడనివాళ్ళు ఎంత మూలిగినా కింది మెట్టు మీదే ఉంటారు.

ఇదేదో చిన్నాచితకా జబ్బా అంటే అదీ కాదు. ప్రపంచంలో మనుషులు వైకల్యంతో గడిపే ఏళ్ళన్నీ లెక్కగడితే వాటికి మొదటి కారణం నడుం నొప్పేనని తేలింది. 2020లో 61.9 కోట్ల మందికి ఉందట. 2050 నాటికి 84.3 కోట్ల మందికి ఉంటుందట. ప్రపంచంలో ఫస్టు ర్యాంకు కొట్టిన జబ్బు మన దగ్గరికొచ్చేసరికి పాస్ మార్కులు తెచ్చుకోలేకపోయింది.

అలాగని సర్కారుని ఊరికే తిట్టకూడదు. నొప్పి నటించడం తేలికే. దొంగ సర్టిఫికెట్లతో పెన్షన్ తింటున్నవాళ్ళు ఉన్నారని ప్రతి ఊరూ పక్క ఊరి గురించి చెబుతుంది. అందుకే 2025 జనవరిలో తనిఖీ మొదలైంది. ముందు 15 వేలు తీసుకునే మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి డాక్టర్లు వెళ్ళారు. తర్వాత 6 వేల వాళ్ళని ఆసుపత్రులకి రమ్మన్నారు. ఆగస్టులో నోటీసులు వచ్చాయి. ఏళ్ళ తరబడి వికలాంగులుగా ఉన్నవాళ్ళు రాష్ట్రమంతటా 40 కంటే కిందకి కోలుకున్నారు. ఏ ఆసుపత్రీ చేయలేని వైద్యం ఒక్క కవరు చేసింది. గోలయ్యాక, అప్పీలు పెట్టుకున్నవాళ్ళకి పెన్షన్ ఆపబోమన్నారు.

సర్కారు కంటే కఠినమైన మెడికల్ బోర్డు మా వీధి అరుగుల మీద ఉంది. దానికి స్లాటు అక్కర్లేదు, సెలవులు లేవు. "మొన్న పంటెక్కి సఖినేటిపల్లి పెళ్ళికెళ్ళింది కదండీ, అప్పుడు రాలేదా నొప్పి?" అని ఒకరు. "నిన్న బిందె ఎత్తింది, నా కళ్ళారా చూశాను" అని ఇంకొకరు. పెళ్ళి నుంచి వచ్చి రెండ్రోజులు మంచం దిగలేదన్నది బోర్డు రికార్డులో ఎక్కదు. నడుం నొప్పి మనిషి నవ్వకూడదు, పట్టుచీర కట్టకూడదు, బిందె సంగతి సరేసరి. పెన్షన్ కావాలంటే రోజుకి ఇరవై నాలుగు గంటలూ పనికిరాకుండా ఉండాలి. అలా ఉంటే ఇల్లెలా గడుస్తుందని బోర్డులో ఎవరూ అడగరు.

ఇంతకీ ఈ నొప్పి ఎక్కడిది? లేసు పని మాకు పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. మా ఆడవాళ్ళు అల్లిన బల్లగుడ్డలు సముద్రాలు దాటి దొరల బల్లల మీదకెక్కాయి. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి, చేతిపని చేసేవాళ్ళనీ అతుకుపని చేసేవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడి, 1982లో ఏకంగా ఒక పుస్తకం వేసింది. ఆవిడ పట్టుకున్న సంగతి ఒక్కటే. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేసే ఈ ఆడవాళ్ళని ఎవరూ పనివాళ్ళుగా లెక్కేయడం లేదు. ఇంట్లో కూర్చునే గృహిణులు, తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకుంటున్నారని అందరూ నమ్మారు. ఎగుమతిదారుడిది వ్యాపారం, ఏజెంటుది ఉద్యోగం, పిన్నిగారిది కాలక్షేపం.

ఆ నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. అల్లికకి గుర్తింపు, ఊరికి గుర్తింపు. అల్లిన నడుముకి ఎక్స్‌రే. పెన్షన్ జాబితాలో చేనేత కార్మికులున్నారు, గీత కార్మికులున్నారు, మత్స్యకారులున్నారు, డప్పు కళాకారులున్నారు, చెప్పులు కుట్టేవాళ్ళున్నారు. ఉండాల్సిందే, వాళ్ళ కష్టం వాళ్ళది. లేసు అల్లేవాళ్ళ ఊసు లేదు. కాలక్షేపానికి పెన్షన్ ఇవ్వరు కదా మరి.

ఇక్కడ సర్కారు తర్కం మాత్రం భలే కుదిరింది, మెచ్చుకోవాలి. పిన్నిగారు పని చేస్తున్నట్టు ఎక్కడా రాయలేదు. కాబట్టి పని చేయలేకపోతున్నట్టు రాయడానికి చోటు లేదు. పోయిన శక్తిని లెక్కగట్టాలంటే ఉన్న శక్తికి ముందు ఖాతా తెరిచి ఉండాలి. ఆ ఖాతా ఎవరూ తెరవలేదు.

అమెరికాలో అంతా బ్రహ్మాండమని మన డాలస్ చుట్టాలు చెబితే నమ్మకండి. అక్కడి సోషల్ సెక్యూరిటీ పుస్తకంలో నరం నొక్కుకుపోయిన వెన్నెముకకి 1.15 నంబరుతో ఒక పద్దు ఉంది. దాంట్లో నెగ్గాలంటే స్కానింగు ఫొటో కావాలి, దాంతోపాటు వాకరో జంట కర్రలో పట్టుకోక తప్పని స్థితి లాంటిది చూపించాలి. అదీ గట్టి పరీక్షే. కాకపోతే అందులో తప్పినవాళ్ళని వెంటనే ఇంటికి పంపరు. రెండో ప్రశ్న అడుగుతారు. రోజులో ఎంతసేపు కూర్చోగలవు, ఎంతసేపు నిలబడగలవు, ఎంత బరువు ఎత్తగలవు? కూర్చుని చేసే ఉద్యోగానికైనా ఎనిమిది గంటల్లో ఆరు గంటలు కూర్చోగలగాలని వాళ్ళ లెక్క. జవాబుని నమ్ముతారా లేదా అన్నది వేరే కథ. అడగడమంటూ ఉంది.

మన అయిదు మెట్లలో ఆ ప్రశ్నకి చోటు లేదు. మీ పూస ఎలా ఉందని అడుగుతారు, మీరెలా ఉన్నారని అడగరు. అడగడానికి కోట్లేమీ ఖర్చు కావు. పిన్నిగారు సూది పట్టుకుని గుమ్మంలో ఎంతసేపు కూర్చోగలరో సచివాలయం అమ్మాయి ఒక పూట పక్కన కూర్చుని చూసినా తెలిసిపోతుంది. దానికంటే ముందు ఆ సూదిని పని అని ఒక కాగితం మీద రాయాలి. లేసు అల్లేవాళ్ళకి కార్మికులుగా గుర్తింపు కార్డులివ్వండి. ఎన్నేళ్ళు అల్లారో, రోజుకెన్ని గంటలు వంగారో అందులో ఎక్కించండి. అప్పుడు ఎక్స్‌రేకి తెలియనిది ఆ కార్డు చెబుతుంది.

అదంతా అయ్యేలోగా ఆడవాళ్ళకి నాదొక ఉచిత సలహా. అరిగిపోయే అవయవాల జోలికి పోకండి, తెగిపోయేవి చూసుకోండి. మనకి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఉండేది, 2025లో అది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. దాని షెడ్యూల్లో వేలు వేలుకీ ధర కట్టారు. పనిలో చూపుడువేలు మొత్తం పోతే సంపాదించే శక్తిలో 14 శాతం పోయినట్టు. మధ్యవేలికి 12, చిటికెనవేలికి 7. వాదన లేదు, ఎంఆర్ఐ లేదు, లెక్కపెడితే చాలు. సూది తిప్పే చేతికి చూపుడువేలే ముఖ్యం కాబట్టి మీకు గిట్టుబాటవుతుంది కూడా. ఒక్కటే చిక్కు. ఆ చట్టం పనిచేసేవాళ్ళకి. మీరు గృహిణులు.