వెయ్యి విసుర్ల చేప: ఒక గాలపు సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలము

సామన్ వస్తే పట్టు; స్టీల్‌హెడ్ రాకున్నా పట్టు వదలకు.

అవతారిక

ఈ సూత్రం ఏ ఒక్కరి నోటి మాటా కాదు. ఉత్తర అమెరికా వాయవ్య తీరంలో, అంటే వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లోనూ, వాటికి ఉత్తరాన కెనడాకు చెందిన బ్రిటిష్ కొలంబియాలోనూ, సరదాకు గాలం వేసేవారి మధ్య తరాలుగా సాగుతున్న ఒక వాదాన్ని వ్యాఖ్యాన సౌకర్యం కోసం ఒక్క వాక్యానికి కుదించినది మాత్రమే. సామన్ గొప్పదా, స్టీల్‌హెడ్ గొప్పదా అన్నది ఆ వాదం. శాస్త్రగ్రంథం మొదలుపెట్టేటప్పుడు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటినీ ముందే చెప్పాలన్నది సంప్రదాయం కనుక ఇక్కడా వాటిని దాటవేయడం కుదరదు. విషయం చేప. ప్రయోజనం సామన్ పక్షంవారికి చేప, స్టీల్‌హెడ్ పక్షంవారికి చేప తప్ప మిగిలినదంతా. సంబంధం ఒక సన్నని నైలాన్ దారం. అది తెగిన క్షణంలో శాస్త్రం కూడా ఆగిపోతుంది. అధికారి ఎవరంటే, ఆ ఏటి లైసెన్సు కొన్నవాడు, నీరు చొరకుండా ఛాతీదాకా కప్పే వేడర్లు అనే తొడుగు గలవాడు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎక్కడికి పోతున్నాడో ఇంట్లోవారికి నమ్మేలా చెప్పగలవాడు.

ప్రతిపదార్థము

సామన్ = చినూక్, కోహో, సాకై, చమ్, పింక్ అని ఆ తీరంలో వ్యవహరించే ఐదు పసిఫిక్ జాతుల్లో ఏదైనా ఒకటి. వస్తే = సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన నదికే ఎదురెక్కి వచ్చినట్లయితే; వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చే పులసను ఎరిగినవారికి ఈ పదాన్ని ఇంతకన్నా వివరించనక్కరలేదు. పట్టు = పట్టుకొనుము. స్టీల్‌హెడ్ = రెయిన్‌బో ట్రౌట్ అనే మంచినీటి చేపలోనే, నదిలో ఉండిపోక సముద్రానికి పోయి, ఉక్కురంగు తల, వెండిరంగు ఒళ్లు తెచ్చుకొని తిరిగి వచ్చే రకం. రాకున్నా = ఆ పూట గాని, ఆ వారం గాని, ఒక్కొక్కప్పుడు ఆ చలికాలమంతా గాని రాకపోయినప్పటికీ. పట్టు వదలకు = పంతం విడువవద్దు. ‘పట్టు’ మొదటిచోట క్రియ, రెండోచోట నామవాచకం కనుక ఇక్కడ యమకమని అలంకారప్రియులు సంతోషించవచ్చు. చలికి కొయ్యబారిన వేళ్లతో కర్ర పట్టుకున్నవాడికి ఆ భేదం తెలియదు.

టీక

‘వస్తే’ అన్న షరతులోనే సామన్ పక్షపు తత్త్వమంతా ఉంది. సామన్ గుంపుగా వస్తుంది, కాలం తప్పకుండా వస్తుంది. పింక్ జాతి ఆయుర్దాయం సరిగ్గా రెండేళ్లు కావడంతో, సియాటిల్ పరిసరాల నదుల్లోకి అది బేసి సంవత్సరాల్లో లక్షల సంఖ్యలో వస్తుంది, సరి సంవత్సరాల్లో దాదాపు కనబడదు. పంచాంగం చూసి ముహూర్తం పెట్టుకోగల చేప ఇది ఒక్కటే కావచ్చు. చేప గుంపుగా వచ్చిన చోటికి మనుషులూ గుంపుగానే వస్తారు. భుజానికి భుజం తగిలేలా వరుసగా నిలబడి, అందరి దారాలూ ఒకే వాలులో కొట్టుకుపోయేలా వేసే ఈ పద్ధతికి అక్కడివారు ‘కంబాట్ ఫిషింగ్’ అని యుద్ధభాషలో పేరు పెట్టుకున్నారు. ఎవరి గాలానికైనా చేప తగలగానే అతడు ‘ఫిష్ ఆన్’ అని కేకవేయాలి. ఆ కేక వినగానే అటూ ఇటూ ఉన్నవారు తమ దారాలు చుట్టేసి దారి ఇవ్వాలి. ఇవ్వనివాడి దారం చేపతోపాటు పదిమంది దారాలనూ జడలా అల్లేస్తుంది, ఆ ముడులు విప్పే అరగంటలో వరుసలో ఎవరి పెద్దలనూ ఎవరూ విడిచిపెట్టరు. సామన్ పక్షంవారు ఈ సందడిని దోషంగా ఎన్నరు; తిరునాళ్లకు వెళ్లి జనం ఉన్నారని ఎవరు ఫిర్యాదు చేస్తారని వారి ప్రశ్న.

రుచి విషయంలోనూ వారిది పైచేయి. చినూక్, సాకై మాంసంలో ఉండే నూనె స్టీల్‌హెడ్‌లో లేదని ఎదుటి పక్షం కూడా లోలోపల ఒప్పుకుంటుంది. పరిమాణంలో పోటీయే లేదు: గాలంతో పట్టిన అతి పెద్ద చినూక్ 1985లో అలాస్కాలోని కినాయ్ నదిలో దొరికింది, తూకం 97 పౌండ్ల 4 ఔన్సులు, అంటే 44 కిలోలు, స్టీల్‌హెడ్‌లో ఆ స్థానం 42 పౌండ్ల 2 ఔన్సులది. ఆ రెండోదాన్ని 1970లో అలాస్కాలోని బెల్ ఐలండ్ దగ్గర పట్టినవాడు ఎనిమిదేళ్ల బాలుడు. ముప్పై ఏళ్లుగా నదిలో నిలబడుతున్న పెద్దలు ఈ సంగతిని సాధారణంగా ప్రస్తావించరు.

‘రాకున్నా’ అన్న పదం దగ్గర వ్యాఖ్యాత ఎక్కువసేపు ఆగక తప్పదు. స్టీల్‌హెడ్‌కు ఆ తీరంలో ‘వెయ్యి విసుర్ల చేప’ అని బిరుదు. ఒక్కటి దొరకాలంటే గాలం వెయ్యిసార్లు విసరాలని అర్థం. వేసవిలో నదికెక్కి నెలల తరబడి అక్కడే గడిపే వేసవి రకం, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టే సమయానికి దగ్గరపడి వచ్చే చలికాలపు రకం అని ఇందులో రెండు తెగలుండగా, సూత్రంలో ఉద్దేశించినది చలికాలపు రకమే అని ప్రకరణాన్ని బట్టి గ్రహించాలి, ఎందుకంటే వేసవిలో ఎవరైనా పట్టుదలతో ఉండగలరు. సాధన ఇలా ఉంటుంది. రెండు చేతులతో పట్టుకొనే, పదమూడడుగులో అంతకు మించో పొడవుండే స్పే కర్రతో దారాన్ని ప్రవాహానికి అడ్డంగా, కాస్త దిగువకు వాలేలా విసరాలి, దారం బరువుకు ఎర మెల్లగా మునిగి, ప్రవాహం తోసినకొద్దీ విల్లులా వంగి ఒడ్డువైపు తిరుగుతుంది, అది తన కాళ్లకు నేరుగా దిగువకు వచ్చి ఆగేదాకా ఊపిరి బిగబట్టి ఉండాలి, ఆగాక మరో క్షణం ఉండాలి, ఎందుకంటే చేప అప్పుడే అందుకుంటుందని శిష్టుల మాట, అందుకోదు, రెండడుగులు దిగువకు వేసి మళ్లీ విసరాలి. కర్ర పొడవునా దారం దూరే ఉంగరాల్లో నీటిబొట్లు గడ్డకట్టి దారం కదలకపోతే, కర్ర కొసను నదిలో ముంచి ఆ మంచును కరిగించాలి, లేదా గోటితో గిల్లి తీయాలి. పైనుంచి దిగివస్తున్నవాడికి దిగువన, అతడు ఇంకా చేరని నీటిలో, ముందుగా దిగి నిలుచోవడాన్ని ‘లో హోలింగ్’ అంటారు. స్టీల్‌హెడ్ పక్షపు ధర్మశాస్త్రంలో దీనికి ప్రాయశ్చిత్తం చెప్పలేదు.

ఇన్ని పాట్ల తరువాత ఒకనాడు దారం ఒక్కసారి గుంజుకుంటుంది. ఆ గుంజుడే పరమ ప్రయోజనమని ఈ పక్షం సిద్ధాంతం. ఎందుకంటే దొరికిన చేప సహజంగా నదిలో పుట్టినదైతే దాన్ని వెంటనే విడిచిపెట్టాలి. 2016 నుంచి వాషింగ్టన్‌లో సరదాకు గాలం వేసేవారు సహజ స్టీల్‌హెడ్‌ను ఉంచుకోవడానికి అనుమతి లేదు. హేచరీలో, అంటే పిల్లలను పెంచి నదిలోకి వదిలే కేంద్రంలో, పుట్టినదాన్ని తెలుసుకొనే గుర్తు వీపుమీద తోకకు దగ్గరగా ఉండే కొవ్వు వాజం. హేచరీవారు దాన్ని పిల్లగా ఉన్నప్పుడే కత్తిరిస్తారు. కాబట్టి వెయ్యి విసుర్ల అనంతరం సాధకుడు మోకాళ్లమీద వంగి, చేపను నీటిలోనే ఉంచి, మొట్టమొదట చూసేది దాని కన్నులను గాని వెండి పొలుసులను గాని కాదు, ఆ గోరంత వాజాన్ని.

పూర్వపక్ష సిద్ధాంతములు

సామన్, స్టీల్‌హెడ్ వేరువేరు జాతులు కనుక వాటిపై అభిరుచులూ వేరు అని ఒక వాదం. ఇది నిలవదు. శాస్త్రజ్ఞులు 1989 దాకా స్టీల్‌హెడ్‌ను అట్లాంటిక్ సామన్ ఉన్న సాల్మో ప్రజాతిలో ఉంచి, ఆ ఏడాది పసిఫిక్ సామన్‌ల ఆంకోరింకస్ ప్రజాతిలోకి మార్చారు. అంటే ఈ చేప అటు ఉన్నా ఇటు ఉన్నా సామన్‌ల పంక్తిలోనే కూర్చుంది. నిజమైన భేదం మరొకచోట ఉంది: పైన చెప్పిన ఐదు సామన్ జాతులూ ఒక్కసారి గుడ్లు పెట్టి చనిపోతాయి, స్టీల్‌హెడ్‌లలో కొన్ని బతికి, చిక్కిపోయి, కెల్ట్ అనే పేరుతో మళ్లీ సముద్రానికి దిగి, మరోసారి రాగలవు. విడిచిపెట్టినందుకు ఫలం ఉండే చేప కనుకనే విడిచిపెట్టే నీతి దాని చుట్టూ పెరిగిందని చెప్పడం సబబుగా ఉంటుంది.

ప్రమాణంగా ఒక న్యాయాధికారిని చూపేవారూ ఉన్నారు. వాంకూవర్ దీవిలోని క్యాంప్‌బెల్ రివర్ ఊళ్లో మేజిస్ట్రేటుగా ఉన్న రచయిత రోడరిక్ హేగ్-బ్రౌన్, నెలవారీ అధ్యాయాలుగా 1946లో వెలువరించిన ‘ఎ రివర్ నెవర్ స్లీప్స్’ను జనవరితో, స్టీల్‌హెడ్‌తో ప్రారంభించాడు. మేజిస్ట్రేటే సంవత్సరాన్ని మా చేపతో మొదలుపెట్టాడు కనుక తీర్పు మాదే అని ఒకరు. జనవరిలో నదిలో వేరే చేప ఉంటే గదా అని మరొకరు. రెండో మాటకు జవాబు లేదు.

ఇక ‘వెయ్యి’ సంగతి. ఇది వాచ్యార్థమా, లక్ష్యార్థమా? విసురు, ఊపు, రెండడుగులు కలిపి రెండు నిమిషాలు అనుకుంటే, ఎనిమిది గంటల చలికాలపు పగట్లో 240 విసుర్లు పడతాయి, వెయ్యికి నాలుగు రోజులు దాటుతుంది. సెలవులు దొరకనివాడికి ఇది రెండు వారాంతాలకు కాస్త మించిన పని కనుక వాచ్యార్థం కుదరకపోలేదు. అయితే ఆ సంఖ్యను చేప స్వభావంగా, దాని గాంభీర్యానికి కొలతగా చెప్పుకోవడమే అంగీకరించరానిది. ఆనకట్టలు, అడవుల నరికివేత, మితిమీరిన వేట వల్ల చేపలు తగ్గాయి. సియాటిల్ ఎదుటి ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోకి కలిసే నదుల చినూక్‌ను 1999లో, స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పులో ఉన్న జాతులుగా అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి ఆ వెయ్యిలో కొన్ని వందలు చేపవి, మిగిలినవి మనిషివి. కొరతను తపస్సుగా మార్చుకున్న నేర్పు స్టీల్‌హెడ్ పక్షానిది. ఆ తపస్సు పేరుతోనే వారు సహజ చేపను చంపవద్దని పోరాడారన్నదీ నిజమే గనుక ఈ దోషాన్ని వారిమీద గట్టిగా మోపడానికి వీలులేదు.

ఒరెగాన్ 1961లో చినూక్ సామన్‌ను, వాషింగ్టన్ 1969లో స్టీల్‌హెడ్‌ను తమ రాష్ట్ర చేపలుగా ప్రకటించాయి. ఆ రెండు రాష్ట్రాలకూ చాలా దూరం కొలంబియా నదే సరిహద్దు కనుక, ఆ నదిలో దక్షిణపుటొడ్డు ఒక మతానిది, ఉత్తరపుటొడ్డు మరో మతానిది. వాషింగ్టన్‌లో ఇంకా విచిత్రంగా, సామన్‌ను ఒక ప్రభుత్వ శాఖ, స్టీల్‌హెడ్‌ను వేరొక శాఖ చూసేవి. 1994లో ఆ రెండింటినీ కలిపేశారు. ఇక ఆ నదుల మూలవాసులకు ఈ వాదంలో పక్షం లేదు. ఏటా వచ్చే తొలి సామన్‌కు వారు ఉత్సవం చేస్తారు, సామన్, స్టీల్‌హెడ్ రెండింటిలోనూ పట్టదగిన చేపలో సగం వాటా ఒప్పందాల ప్రకారం వారిదని 1974లో బోల్ట్ అనే అమెరికా ఫెడరల్ జడ్జి తీర్పు చెప్పాడు. అభిరుచి హక్కు తరువాతి మాట.

తాత్పర్యము

సామన్‌కు పోయినవాడు చేపతో తిరిగివస్తాడు, స్టీల్‌హెడ్‌కు పోయినవాడు జలుబుతో తిరిగివస్తాడు; ఇద్దరూ మళ్లీ పోతారు.

పాఠాంతరము

అమెరికా ఉత్తరాన ఉన్న మహాసరస్సుల ప్రాంతంలో ఈ సూత్రానికి ‘సామన్ వస్తేనే స్టీల్‌హెడ్’ అనే పాఠం చెప్పుకోవచ్చు. అక్కడ రెండు చేపలూ పరాయివే. స్టీల్‌హెడ్ పంతొమ్మిదో శతాబ్దిలోనే చేరింది. సామన్‌లలో మాత్రం, సరస్సుల్లో విపరీతంగా పెరిగిపోయిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేపను తినిపించడానికి, 1966లో కోహోను, 1967లో చినూక్‌ను మిషిగన్ రాష్ట్రం తెచ్చి వదిలింది. న్యూయార్క్ రాష్ట్రంలో పులాస్కీ ఊరి మీదుగా ఆంటారియో సరస్సుకు పోయే నది పేరే సామన్ రివర్. శరదృతువులో సామన్ అందులోకెక్కి గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది; కొట్టుకుపోయే గుడ్లను తినడానికి స్టీల్‌హెడ్ వెనకాలే వస్తుంది; స్టీల్‌హెడ్ వెనకాల దాని భక్తులు వస్తారు. వారు గాలానికి గుచ్చేది సామన్ జన, అంటే గుడ్లు, లేదా అలా కనబడే నారింజరంగు ప్లాస్టిక్ పూస. పసిఫిక్ తీరంలోనూ, ఎరను నిషేధించని నదుల్లో, ఇదే ఆచారం. అక్టోబరులో పట్టిన సామన్ కడుపులోని జనను ముక్కలు కోసి, బోరాక్స్, ఉప్పు, చక్కెర పట్టించి, సీసాకెత్తి ఫ్రిజ్‌లో దాస్తారు. జనవరిలో ఆ సీసా మూత తిప్పేవాడు చాలాచోట్ల దాచినవాడే.